నాలుగు డబ్బాలు

షెడ్డులో నాలుగు డబ్బాలు, ఒక్కదానికీ చీటీ లేదు.
"రాసిపెట్టు రొసెందో" అన్నప్పుడల్లా
"నాకు తెలుసులే" అనేవాడివి.

చిలొయేలో మే నెల వాన. హీటరు ఖాళీ.
తప్పు డబ్బా వంచితే ఇల్లే అంటుకుంటుంది.
ముక్కును నమ్మలేను,
నీ పని చొక్కాలు ఇరవయ్యేళ్లు ఉతికాక
దానికి అన్నీ నీ వాసనే.

పాత క్యాలెండరు చింపి, వరండాలో,
పొయ్యికి ఆమడ దూరాన
పుల్లతో నాలుగు చుక్కలు పెట్టాను.

మొదటిది కళ్లజోడు తుడుచుకునేలోపే ఎగిరిపోయింది,
పెట్రోలు. మచ్చైనా మిగల్చలేదు.
రెండోది సాయంత్రం దాకా నసిగి నసిగి ఆరింది.
ఇదే, హీటరుకి కావలసిన కిరోసిన్.
మూడోది పడవ డీజిలు,
తెల్లారినా ఆగస్టు పదిహేడు మీద
జిడ్డు బొటనవేలి ముద్రలా కూర్చునే ఉంది.

నాలుగోది
ఎగిరినంత ఎగిరి, సన్నటి నూనె వలయమై ఆగింది.
చాలాసేపు అర్థం కాలేదు.
రంపం మిషనులోకి కలిపి పెట్టుకున్నావు,
ఈ చలికాలం కట్టెలకి.

మూడింటికి చీటీలు అంటించాను.
దీనిమీద ఏం రాయను అంది
కలం పట్టుకుని, పక్కింటి ఒతీలియా.
నాకు తెలుసులే, అన్నాను.