మీ ఊరాయన

లింగిచెట్టి వీధిలో రెండో అంతస్తు.
మెట్ల మీద జిరాక్స్ మిషను వేడి,
కింద నుంచి బజ్జీల నూనె వాసన.
పదకొండు మందిమి.
అందులో తెలుగొచ్చింది ఇద్దరికే,
కోదండపాణి సారుకీ నాకూ.

చేరిన రోజున సెల్వనాయకి నా చెయ్యి నొక్కి అంది,
"అదృష్టం నీది, మీ ఊరాయన."
నిజమే. ఆయనది నాయుడుపేట, మాది సూళ్లూరుపేట.
మధ్యన అరగంట రైలు.

ఇరుదయరాజ్ సీలు నంబరు తప్పు రాస్తే
"పాత్తు ఎళుదుంగ తంబి" అంటాడు, నవ్వుతూ.
నేను రాస్తే
కుర్చీ ఇటు తిప్పి, అదే నవ్వుతో, అదే గొంతుతో,
"ఏందిమే, బుర్రలో పేడుందా?
నీకిచ్చే జీతంతో గొడ్డుకి గడ్డేసుంటే
పాలన్నా ఇచ్చేది."

దూరం నుంచి చూసేవాళ్లకి
ఒకే వైపు మనుషులిద్దరు
వానల గురించి మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది.
ఢిల్లీబాబు టీ గ్లాసు పెడుతూ అడుగుతాడు,
"ఎన్న జోక్?"
నేనూ నవ్వుతాను.
తిట్టుని తర్జుమా చేస్తే
తిట్టినవాడిది కాదు సిగ్గు,
చేసినదానిది.

"మే" అనే అక్షరం మా అమ్మమ్మది.
పులికాట్ గాలికి జుట్టంతా చింపిరై ఇల్లు చేరితే
"ఏందిమే, దయ్యం పట్టిందా" అని
కొబ్బరినూనె చేత్తో దగ్గరికి లాక్కునేది.
ఆ ఒక్క అక్షరాన్ని ఆయన ఎప్పుడు ఎత్తుకుపోయాడో!
ఇప్పుడు మా ఇంటాయన
"ఏందిమే, అన్నం పెట్టవా" అన్నా
నా భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి.

పోయిన ఆడి మాసంలో
పాత షిప్పింగ్ బిల్లుల వెనక రాయడం మొదలుపెట్టాను.
తేదీ, టైము, మాట.
మొదట్లో పెన్ను సాగేది కాదు.
ముప్పై దాటాక కనిపెట్టాను,
ఆయన దగ్గరున్నవి మొత్తం తొమ్మిదే తిట్లు.
తిప్పి తిప్పి అవే. సోమవారం గాడిద, బుధవారం పేడ.
మా వీధి కుళాయి దగ్గర చెంచమ్మత్త
ఒక్క బిందె నిండేలోపు పద్దెనిమిది తిట్టేది,
ఒక్కటీ మళ్లీ వచ్చేది కాదు.

ఆ వేళ కాటుపల్లిలో కంటైనరు ఆగిపోయింది.
తప్పెవరిదో ఇంకా తేలలేదు.
ఆయన లేచాడు, నవ్వు తొడుక్కున్నాడు,
"ఏందిమే..."
నేనూ లేచాను.
మోకాళ్లు వణికాయి, అది రాయకపోతే అబద్ధం.
"తమిళ్‌ల సొల్లుంగ సార్" అన్నాను గట్టిగా.
అంతే అన్నాను.
అందరికీ అర్థమవ్వాలని.

స్టాంపు కొడుతున్న చెయ్యి గాల్లో ఆగింది.
సెల్వనాయకి కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంది.
ఆయన నోరు తెరిచాడు.
తొమ్మిదింటిలో ఒక్కటీ
ఆరంబాకం చెక్‌పోస్టు దాటలేదు.
చివరికి వచ్చింది ఇంతే:
"సీల్ నంబర్... కొంజం పారుమ్మా."

గెలిచానని కాదు.
దీపావళి సెలవు కోసేశాడు.
మిట్టమధ్యాహ్నం పోర్టు తిరుగుళ్లన్నీ నావే.
ఆదివారం దీపాలు పెట్టే వేళకి
కడుపులో తిప్పడం ఇంకా పోలేదు.
కాకపోతే మా ఇద్దరి మధ్యా
తమిళం కుర్చీ వేసుకుని కూర్చుంది,
పెద్దమనిషిలాగా.

ఒకరోజు డబ్బా మూత తీస్తూ
నావైపు చూడకుండా అడిగింది సెల్వనాయకి,
"ఇన్నేళ్లూ అది జోకు కాదు కదూ?"
జవాబు కోసం ఆగలేదు.
సగం వడ తుంచి నా మూతలో పెట్టింది.

నిన్న సాయంత్రం బీచ్ స్టేషన్ నుంచి లోకల్లో
విల్లివాక్కం వెళ్తున్నాను.
వ్యాసర్పాడి దగ్గర సిగ్నలుకి ఆగింది.
ఎదురు సీట్లో ఎవరో మా వైపు ఆవిడ,
కిటికీ కడ్డీల్లోంచి చెయ్యి చాపిన కూతుర్ని కసిరింది,
"ఏందిమే, లోపల పెట్టు!"

లేచాయి భుజాలు.
నావి.

ఆ పిల్ల మాత్రం కిలకిలా నవ్వి
చెయ్యి ఇంకాస్త బయటికి చాపింది.