సగం డబ్బా

ఇరవయ్యొక్కేళ్లుగా గడ్డిమందు అమ్ముతున్నాను.
ఆచంట సెంటర్లో కొట్టు, నేను గుమాస్తాని.
ట్యాంకుకి ఎన్ని మూతలో, పైరు మీద ఎండ ఎంత కాయాలో
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

మా పెరటి తలుపు మటుకు
బోరు ఉప్పెక్కాక తీసిన పాపాన పోలేదు.
పగిలిన పెంకులు, కొబ్బరి డొక్కలు, తుప్పట్టిన సైకిల్ రిమ్ము.
వాటి మీద ఉత్తరేణి, కుప్పింటాకు,
ఆ రెంటి మీదా తిప్పతీగ,
తిప్పతీగ మీద ఇంకేమీ లేదు, ఆకాశమే.

రేకుల షెడ్డు వేయించుకుందాం,
మిషను అక్కడ పెట్టుకుంటాను, అంది భాగ్యమణి.
కొట్లో మిగిలిన సగం డబ్బా తెచ్చి
పంపు భుజానికెత్తుకున్నాను.

గొట్టం చాపిన చోట
బొడ్డమేడి ఆకులు రెండు దగ్గరికి లాగి ఉన్నాయి,
అంచున తెల్లగా దూది పోగులు.
భాగ్యమణి వంగి చూసింది.
"టాకాలు. ముడి కనపడనీలేదు చూడు" అంది.
ముప్పయ్యేళ్లుగా ఊరందరి జాకెట్లూ కుట్టిన మనిషి
ఇంకొకరి పని మెచ్చుకోవడం నేనెరగను.

లోపల మూడు నోళ్లు,
మూడూ కలిపి నా గోరంత లేవు.

పంపు దించాను. అవి ఎగిరేదాకానే అనుకున్నాం.

అవి ఎగిరేసరికి జిల్లేడు మీద చారల పురుగులు.
అవి రెక్కలు తొడిగేసరికి తొలకరి.
ప్లాస్టిక్ ఏరితే మూడు గోతాలైంది.
డొక్కలు ఓ మూల పోగేస్తే తొండలు కాపురం పెట్టాయి.
పగుళ్ల గోలెం నేలలో దించి, మన్ను మెత్తి, నీళ్లు పోశాం.
ఆ రాత్రే కప్పలు! ఎవరు కబురుపెట్టారో.

"పాములొస్తాయండీ" అన్నారు గోడవతల వరహాలుగారు.
ఆయ్, వచ్చిందండి, జెర్రిపోతు.
ఎలకలేమయ్యాయని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

వేసవిలో కాలువలు కట్టేశాక
ఎండిన బోదె దాటి ఒక నీటికోడి వచ్చింది.
తెల్లరొమ్ము, తోక కింద తాంబూలం మరక.
గోలెం చుట్టూ రెండుసార్లు తిరిగి
అద్దె మాట్లాడుకునే మనిషిలా ఇల్లంతా చూసింది.

షెడ్డు వేయలేదు. మిషను వసారాలోనే ఉంది.
కుట్టే చేయి ఆగినప్పుడల్లా
అటువైపేదో కదిలిందని నాకు తెలుస్తుంది.

ఒక్కచోటు చెప్పలేదు మీకు.
కుళాయి దగ్గర, చాపంత మేర.
కొట్టు అద్దె పంపులు తెచ్చి
ఏళ్ల తరబడి నేను కడిగిన చోటు.
రెండు వానాకాలాలు పోయాయి,
గరిక కూడా అటు పాకలేదు.
పిట్టలు దాని మీదుగా ఎగురుతాయి, దిగవు.

ఉద్యోగం మానలేదు. మానితే తిండెలా?
సగం డబ్బా అటక మీద అలాగే ఉంది.
ఒకరికి అమ్మనూ లేను, పారబోయనూ లేను,
ఎక్కడ పోయాలి చెప్పండి.

ఇవాళ తెల్లవారుజామున
ఆ చాప అంచున
వానపాము వదిలిన మన్ను,
ఆవగింజలంత ఉండలు, ఏడో ఎనిమిదో.
చెప్పులు విడిచి
చుట్టూ తిరిగి వెళ్లి
కుళాయి కట్టాను.
తొమ్మిదింటికి కొట్టు తీయాలి.