తడి దూది

పొద్దున ఏడున్నరకి డ్యూటీ దిగి
చిలకలగూడ సందులో మెట్లెక్కి
చెప్పులు విప్పకముందే
నేను పలకరించేది ఒక ప్లాస్టిక్ డబ్బాని.

మూతకి దబ్బనం కాల్చి నేనే పెట్టిన చిల్లులు.
లోపల గుడ్ల అట్ట, విరిచి నిలబెట్టిన రెండు ముక్కలు,
ఆ గుంటల్లో ఇరవై ఆరు ఇలకోళ్లు.
నిన్న ఇరవై ఏడు.

పైగది జోయెల్ బల్లిని పెంచేవాడు,
పసుప్పచ్చ మచ్చల బల్లి, వేలి మీద ఎక్కించుకుని చూపించేవాడు.
దాని మేతకని ముర్గీచౌక్ నుంచి తెచ్చాడు వీటిని.
కోళ్ల బజారులో ఇలకోళ్లు, అనుకుని నవ్వుకున్నాను అప్పట్లో.
చలికాలం బల్లి పోయింది. జోయెల్ గది ఖాళీ చేశాడు.
"పారెయ్యండక్కా, కాకులు తింటయి" అని
డబ్బా నా గుమ్మంలో పెట్టి ఆటో ఎక్కాడు.
ఇంకొకరికి అన్నం కావడానికి పుట్టినవాటికి
అన్నం పెట్టడం నాకేం తెలుసు?

మొదటిరోజు సీసా మూతలో నీళ్లు పోశాను.
సాయంత్రానికి మూడు తేలుతున్నాయి.
గోరంత లోతు.
రోజు విడిచి రోజు పంపు కోసం
బిందెలు వరస పెట్టే మా సందులో
నీళ్లు ఎక్కువై చచ్చినవి అవే.

ఆ రాత్రి వార్డులో ఏడో మంచం పెద్దాయనకి
నోటితో ఏమీ ఇవ్వొద్దని రాసి ఉంది.
వేళ్లతో దుప్పటి గీకుతున్నాడు, దాహం.
దూది తడిపి, పిండి, పెదాలకి అద్దాను.
ఆయన దూదినే చప్పరించబోయాడు.
అద్దుతుండగానే తట్టింది.

తెల్లారి మూతలో తడి దూది పరిచాను.
మీసాలు ఊపుకుంటూ ఒక్కొక్కటీ వచ్చి
మూతి ఆనించి, చాలాసేపు, అలా.

తర్వాత తెలిసొచ్చినవి కొన్ని.
కొత్తిమీర కడక్కుండా వేస్తే కాళ్లు తన్నుకుంటాయి,
కట్టకి మందు కొట్టి ఉంటుంది.
జొన్నపిండి ఒక చెంచా, పప్పుల పొడి చిటికెడు.
పొడి మరిచిన వారం
ఒకదాని కాలు ఇంకొకటి కొరుక్కు తింది.
తిట్టలేదు. పొడి వేశాను.
"ఒక్క కీరకాయనేనా బిడ్డా?" అంది మోండా మార్కెట్ ముసలమ్మ.
"చిన్న నోళ్లమ్మా ఇంట్ల."
"ఎందరు?"
"ముప్పై మంది."
ఇంకో కాయ ఊరికే వేసింది, మొహం చూడకుండా.

ఆడవాటికి వెనక సూది ఉంటుంది.
కుడుతుందేమోనని మొదట భయపడ్డాను.
గుడ్లు పెట్టే సూది అది, తడిమట్టి కావాలట.
రోజుకి నలభై సూదులు గుచ్చేదాన్ని,
పెరుగు కప్పులో మట్టి పోసి, తడిపి
నిద్ర మానుకుని చూశాను:
అచ్చం నరం వెతుక్కున్నట్టే
ఒకచోట దించి, తీసి, ఇంకోచోట.

కానీ అవి పాడగా వినలేదు ఎప్పుడూ.
నేనుండే పగలు వాటికీ నాకూ నిద్ర.
రాత్రి గదికి తాళం, నాకు మానిటర్ల కీచులు.
కింది వాటా ఖుర్షీదా ఆపా మెట్ల మీద ఆపింది:
"రాత్రంతా మీ ఇంట్ల ఎవరమ్మా?
కిర్రు కిర్రు, కుట్టుమిషన్ లెక్క."
చెప్పాను. ముక్కు మీద వేలేసుకుంది.
నాలుగు మెట్లు దిగి, వెనక్కి తిరక్కుండా,
"పారెయ్యకు గని," అంది.
"నిద్రయితే పడ్తలేదు. తోడుంటది."

ఏడో మంచం మీద ఇప్పుడొక కుర్రాడు.
నీళ్లు గ్లాసుకి గ్లాసు తాగుతాడు.

ఈ రాత్రి సెలవు.
దీపం ఆర్పి డబ్బా పక్కనే చాప వేసుకున్నాను.
పది, పదకొండు. ఒక్కటీ రెక్క కదపదు.
నా ఊపిరికి జంకుతున్నాయేమో.
పేషెంటులా కదలకుండా పడుకున్నాను.
ఫ్రిజ్ ఆగింది. స్టేషన్ వైపు ఏదో రైలు వెళ్లిపోయింది.
అప్పుడు, గుడ్ల అట్ట మూలనుంచి
ఒక సన్నని గీత.
గీసి, ఆపి.
కింద ఖుర్షీదా ఆపా దగ్గింది.
మళ్లీ గీత.

దూది ఆరిపోయి ఉంటుందని గుర్తొచ్చింది.
లేస్తే పాట ఆగిపోతుంది.
ఇంకొక్క నిమిషం చూసి లేస్తాను.