చార

తుఫానుకి రెండు రోజుల ముందే బయల్దేరాం,
ఊరంతా మాకు ఎదురొస్తుంటే.
పరుపులు, పడవలు, బోనులో కోళ్లు,
ట్రక్కు వెనక తాడేసి కట్టిన వాలుకుర్చీ.
మా బండి ఒక్కటే నీటివైపు.

వెండల్ వంతెన స్తంభానికి ఇనుప గొట్టం బిగించాడు.
నేను మోకాలి లోతు బురదలో నిలబడి పట్టీలందించాను.
గొట్టంలో బొటనవేలంత యంత్రం.
ముప్పై సెకన్లకోసారి
తనమీద ఎంత బరువుందో రాసుకుంటుంది,
అంతకుమించి దానికేం తెలీదు.
ఇంకొకటి గట్టున, నీరందని ఎత్తులో,
వట్టి గాలిని తూస్తూ.
మొత్తం బరువులోంచి ఆకాశం బరువు తీసేస్తే
మిగిలేది నీరు.

ఆ రాత్రి మేమక్కడ లేం.
నూట నలభై మైళ్ల అవతల ఓ మోటెల్లో
టీవీ కట్టేసి చీకట్లో పడుకున్నాం.
వెండల్ ఒక్కటే అడిగాడు:
"పట్టీలు మూడా, నాలుగా?"
నాలుగన్నాను.
లెక్కపెట్టినట్టు గుర్తులేదు.

తర్వాత గొట్టం విప్పి చదివితే తెలిసింది,
ముందు నీళ్లు వెనక్కి పోయాయని.
పామ్లికో కాసేపు తన అడుగు తానే చూసుకుంది:
తుప్పు పట్టిన పీతల బోనులు, ఎవరిదో పాత ఇంజను.
తెల్లవారుజామున మూడూ పదికి
పొయ్యిమీద మరిచిన పాలలా లేచింది.
యంత్రం చేతిరాత మాత్రం వణకలేదు.

అది వంతెన దగ్గరి సంగతి.
ఊళ్లోకి ఎంతొచ్చిందో గోడల్ని అడగాలి.

గోడలకి మతిమరుపెక్కువ.
ఓ వాన చాలు, ఓ బకెట్ బ్లీచు చాలు.
గడ్డిగింజలు అంటుకున్న సన్నని వరస,
కాఫీ మరకకుండేలాంటి అంచు,
కనిపించగానే మేకు కొట్టి, తేదీ రాసి, పక్కింటికి.
బయటి గోడల్ని నమ్మం,
అలలు అక్కడ గొప్పలు చెప్పుకుంటాయి.
మూసిన గది కావాలి,
నీరు ఎగరకుండా, ఊరికే నిలబడ్డ చోటు.

మిస్ ఆర్లీథా ఇల్లంతా కడిగేసింది.
డెబ్బై ఎనిమిదేళ్లు, మోకాలికి కట్టు,
మూడు రోజులు ఒక్కతే తోమింది.
"ఎలా ఉందో చూడు" అంది.
చూశాను, అద్దంలా ఉందన్నాను.
నేనొచ్చింది ఆ మురికి కోసమేనని
ఏ నోటితో చెప్పను?

"కడగని చోటేమైనా మిగిలిందా అమ్మా?"

చేతిలో గుడ్డ పిండింది. మళ్లీ పిండింది.
అందులో నీళ్లేం లేవు.
పడకగదిలో అల్మారా వైపు గడ్డంతో చూపించి
తాను గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

చెక్క ఉబ్బి తలుపు బిగుసుకుపోయింది.
భుజం ఆనించి తోస్తే బూజు వాసన ముందొచ్చింది,
ఆ వెనక క్లీవన్ చొక్కాలు.
పదకొండు.
జేబుమీద రొయ్యల పడవ పేరు కుట్టినవి రెండు,
చర్చికి తొడిగేది ఒకటి, కాలరు అరిగి.
అన్నిటికీ అడ్డంగా, మూడో బొత్తాం దగ్గర,
దారం పట్టి గీసినట్టు ఒకే చార.

బట్టమీది గుర్తు లెక్కలోకి రాదు.
తడి బట్టలో పైకి పాకుతుంది,
ఉన్నదానికన్నా లోతు చెబుతుంది.
చొక్కాల్ని మెల్లగా పక్కకి జరిపాను,
హ్యాంగర్లు చప్పుడవకుండా.
వెనక చెక్కమీద, రెండంగుళాలు కిందగా,
అసలు గీత, గింజలతో సహా.

మేకు కొట్టొచ్చా అని అడిగాను.
"అద్దెల్లు కాదుగా, కొట్టు" అంది గుమ్మంలోంచి.
నేల నుంచి నాలుగడుగుల నాలుగు పదోవంతులు.
గుర్తు నాణ్యత: మంచిది.
వివరాలకి ఫారంలో రెండే లైన్లు.
అల్మారా లోపల, వెనక చెక్క, అని రాశాను.
ఒక లైను ఖాళీగా ఉండిపోయింది.

బండెక్కబోతుంటే మెట్లమీదకొచ్చి అడిగింది,
మీ పని అయిపోయిందా, ఇంకా కావాలా ఆ గీత అని.
అయిపోయింది, కడిగేసుకోవచ్చు అన్నాను.

కాసేపు బకెట్ వైపు చూసింది.
"చెక్క కడుగుతాలే" అంది.