ఎక్కిళ్లు

మర్రిగూడల కరెంటు పోయింది.
ఫోన్ వెలుగుల నీ కాళ్లు సూస్తున్న.
సక్కగనే ఉన్నయి.
నిన్న గూడ సక్కగనే ఉండె.

మీ అమ్మమ్మ ఈదమ్మ
వంగిన వేళ్లతోనే నూనె రాసి
నీ పిక్కలు పిసుకుతది.
ఆ వేళ్లను వంచినయి ఈ ఊరి బోరునీళ్లే.
అవే తాగి పెరిగిన నేను.
ఇప్పుడు నీకు పాలైతున్నయి.

నల్లా నీళ్లొచ్చినయి, ఇంక భయం లేదంటరు.
లేదేమో.
నీళ్లనే నమ్మనిదాన్ని
బడిబస్సును, చీకటి సందును,
నవ్వుకుంట ఎత్తుకునే చేతులను
ఎట్ల నమ్మాలె?

రేపు ఇరవై ఒకటి. పేరేందని అడుగుతున్నరు.
పైకి పిలిస్తే
లోకం గూడ ఇంటదేమో.

నీకు ఎక్కిళ్లు.
అప్పుడే నిన్నెవరు యాదిజేస్తున్నరు బిడ్డా?
రెండు సుక్కలు నీళ్లు పొయ్యి అంటది అమ్మ.
ఉగ్గుగిన్నె పట్టుకోని
కూసున్న.