గీతకు కింద

కెమిలో జనవరి. తొమ్మిదైనా తెల్లవారదు.
కిటికీ అవతల సముద్రం గడ్డకట్టుకుని
నోరు మెదపకుండా పడుంది.
మర్యుక్క స్వెటర్ చెయ్యి పైకి లాగి
బల్లమీద మోచెయ్యి ఆనించింది.
నరం దొరక్క రెండుసార్లు గుచ్చాను.
"ఫర్లేదు, బస్సుకన్నా నువ్వే నయం" అంది.

రోజూ పొద్దున్నే బస్సు ఆమె ఊపిరి అడుగుతుంది.
గొట్టంలోకి ఊదాలి. పచ్చదీపం వెలిగితేనే
ఇంజను కదిలేది.
ఎనిమిదేళ్ళుగా పచ్చదీపమే.
రాత్రి ఏడింటికల్లా సీసాకు మూత పెట్టేస్తుందట,
గంటలు వేళ్ళమీద లెక్కేసి,
పాలకు తోడు పెట్టినంత జాగ్రత్తగా.

ఊపిరి ఒక్కరాత్రిలో మరిచిపోతుంది.
రక్తం మరవదని మా నమ్మకం.
అందులో ఇనుము మోసే ప్రొటీన్ ఒకటుంటుంది,
దాని కొమ్మల కొసన చక్కెర పలుకులు.
తాగుడు వాటిని రాలగొడుతుంది.
బోసిపోయిన కొమ్మలు మేం లెక్కపెడతాం.

గురువారం కాగితం వచ్చింది.
ట్రాన్స్‌ఫెర్రిన్, గీతకు కింద.
లివర్ ఎంజైము, వెంట్రుకవాసిలో, అదీ కిందే.
ఎర్రకణాలు మాత్రం కాస్త ఉబ్బాయి
నానేసిన శనగల్లా.
దానికేముంది, విటమిన్ తక్కువని రాసేయొచ్చు.

ట్రైనింగ్‌లో ఎవరో అన్నారు, నవ్వి వదిలేశాను:
ఈ పరీక్షకు ఆడవాళ్ళ దగ్గర
కొంచెం చెవుడు.

బతికిపోయాననుకుంటుందనుకున్నాను.
కాగితం మడిచి, మళ్ళీ విప్పి,
"మా రెయ్యోకు తెలీదు. డిపోలో తెలీదు.
బస్సుకైతే అసలే తెలీదు.
ఇదైనా చెప్పేస్తుందనుకున్నా" అంది.

నువ్వే చెప్పొచ్చుగా అనలేదు నేను.
అంత తెలివి ఎప్పుడూ సమయానికి రాదు.
"ఇంకో పరీక్షుంది. వారాల తరబడి తాగిందంతా
దాచుకునేది. ఔలుకు పంపాలి.
డాక్టరు రాయాలి, రాయడానికి
ఏదో ఒక కారణం కావాలి."

"కారణం" అంది.
కారిడార్‌లో ఎవరో బూట్ల మంచు దులుపుకుంటున్నారు.
ఆ చప్పుడు ఆగేదాకా ఆగి,
"రోజూ అరసీసా వోడ్కా.
మర్నాడు డ్యూటీ లేకపోతే అక్కడితో ఆగను."

ఏ యంత్రమూ చూపించని ఆ అంకె
కాగితం అంచున పెన్నుతో రాశాను.
డాక్టరుకు ఫోన్ చేశాను.

ఈసారి రెండో చెయ్యి చాపింది.
నరం
ఒక్క పోటుకే దొరికింది.