ఊఁ

కాశీబుగ్గలో నా కొట్టు.
బోర్డు మీద ఇంకా ఉంది: "పాటలు ఎక్కించబడును."
ఎక్కించుకునేవాళ్ళే లేరు.
ఇప్పుడు ఫోన్లకి అద్దాలు అతికిస్తాను, చార్జర్లు అమ్ముతాను,
మధ్యాహ్నాలు ఫ్యాను కింద కూచుని
పలాస స్టేషను వైపు పోయే ఆటోలు లెక్కపెడతాను.

నెలకోసారి బొమ్మాళి దమయంతి వస్తుంది.
జీడి బట్టీ దిగి, తలకి చుట్టిన గుడ్డ విప్పకుండానే
జాకెట్లోంచి తీస్తుంది అగ్గిపెట్టంత ప్లేయరు.
బ్యాటరీ మూత ఎప్పుడో పోయింది,
రబ్బరు బ్యాండే దాని ప్రాణం.

"పాటలొద్దు బాబూ. మాటలెక్కించు."

ఏం మాటలమ్మా?

"ఏవైనా పర్నేదు. నాటికలో, కతలో,
ఆవుకి పాలెందుకు తగ్గాయో సెప్పేవాయనో.
ఎవులో ఒకలు మాటాడాల.
పాటకి జట్టెందుకు, ఒక్కదాన్నీ పాడుకుంటాను.
మాటకే కదా ఇంకో మనిసి కావాల."

టచ్ ఫోను కొనుక్కోమన్నానొకసారి.
చెయ్యి చాపి చూపించింది.
జీడి రసం తాగి తాగి నల్లబడ్డ వేళ్ళు,
కొసల మీద ఒక్క గీత లేదు.
"రేసన్ కొట్టుకాడ మిసను నన్నెరగదు.
నీ అద్దం ఫోనూ ఎరగదు.
ఈ బటను సూడు. నొక్కితే సాలు,
నువ్వెవులవే అని అడగదు."

ముందర పాతికమంది వరసన కూచుని పిక్క కొట్టేవారట.
ఒకావిడ కత ఎత్తుకుంటే
నాలుగు బస్తాలు తేలేదాకా సాగేదట.
చేతిలో కర్ర, నోట్లో ఊఁ.
ఇప్పుడు మిషన్లొచ్చాయి. షెడ్డంతా ఒకటే మోత.
ఎదుటి మనిషి పెదాలు కదులుతాయి, అంతే.
అందుకని చెవిలో వైరు.

ఇంటి దగ్గరైతే రేడియో.
కిటికీ ఊచకి ఆనుకుంటేనే దొరుకుతుంది.
విశాఖ వార్తల మధ్యలోకి
బరంపురం ఒడియా ఆయన వచ్చి కూచుంటాడు.
"రానీ. ఆయనా మనిసే గదా," అంటుంది.

తిత్లీ కొట్టినప్పుడు టవర్లన్నీ పడుకున్నాయి.
అందరి ఫోన్లూ పలక ముక్కలయ్యాయి.
ఆ వారమంతా వీధి వీధీ ఆవిడ గుమ్మంలోనే.
అయిపోయిన సెల్లు ఎండలో పెట్టి, కొరికి, మళ్ళీ వేసి,
విన్నది విన్నట్టు అప్పజెప్పింది.
వార్తలమ్మ అన్నారు కొన్నాళ్ళు.
కరెంటు రాగానే మరిచిపోయారు.

మొన్న వచ్చింది.
"నిండిపోనాదంట. కొత్తవెక్కట్లేదు."
కార్డు పెట్టి చూశాను.
రికార్డింగు ఫోల్డర్లో అరవై పైచిలుకు ఫైళ్ళు.
రేడియో నాటకం దాచుకుందామని ఏదో బటను నొక్కినట్టుంది.
నాటకం ఎక్కలేదు.
ఆవిడ ఎక్కింది.

ఒకటి విన్నాను.
ఎక్కడో గిన్నె దొర్లిన చప్పుడు. బల్లి.
ఊఁ.
చాలాసేపటికి మళ్ళీ, ఊఁ.
మరే.
ఓలమ్మ, అలగనీసిందా?
దూరంగా గూడ్సుబండి, ఎంతకీ అవదు.
ఏడుపో జలుబో తెలీని ఒక ముక్కు చీదడం.
పోన్లే తల్లీ, పోన్లే.
ఊఁ.

"ఏటుందందుల?"
ఏం లేదమ్మా, ఉత్త మోత.
"అయితే తీసీ. జాగా అవుద్ది."

తీసేశాను.
తీసేముందు ఒక్కటి నా కంప్యూటర్లోకి లాక్కున్నాను.
తప్పే.

రాత్రి షట్టరు సగం దింపి అదే పెట్టాను.
కొట్టద్దె మూడు నెలలది బాకీ అని చెప్పాను.
ఊఁ.
బోర్డు మార్చమంటున్నారు, మనసొప్పడం లేదన్నాను.
గూడ్సుబండి వెళ్ళింది.
ఇంకేం చెప్పాలా అని వెతుక్కుంటుంటే
మరే, అంది.